ఐదున్నర శ్రుతి, హై సి, ఒక ఆడిషన్: నా అనుభవం

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది, మా ఊరి సంగీత నాటక బృందం కోరస్‌లోకి, అంటే గుంపుగా పాడేవాళ్ళలోకి, తీసుకున్నారు. వేడి ఆరకముందే రాసేస్తున్నాను.

నాకు ఈ ఇంగ్లీషు సంగీత నాటకాల పిచ్చి పట్టించింది అమెరికన్ గాయని, నటి క్రిస్టిన్ చెనోవెత్. 2003లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్వేలో ‘వికెడ్’ అనే సంగీత నాటకం మొదలైనప్పుడు గ్లిండా పాత్ర ఆవిడదే. మొదటి పాటలోనే హై సి అనే బాగా పై స్వరం అందుకుంటుంది, ఆ తర్వాత మరో పాటలో పక్కింటి పిల్ల కబుర్లు చెప్పినట్టు కింద స్థాయిలో పాడేస్తుంది. 2004లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో, బెర్న్‌స్టీన్ స్వరపరచిన ‘కాండీడ్’లో కునెగొండ్ పాత్రలో ఇంకా పైకి, ఇ ఫ్లాట్ అనే స్వరానికి వెళ్ళింది. కీబోర్డు ముందేసుకుని మెట్టు మెట్టూ లెక్కపెట్టాను. నా శ్రుతి ఐదున్నర, అంటే కీబోర్డు మీద జి షార్ప్ నా షడ్జమం. తారస్థాయి పంచమం దాకా నిబ్బరంగా వెళ్తాను, మన కచేరీకి అది చాలు. ఆవిడ నిలబడింది సరిగ్గా ఆ పంచమం మీదే, కాకపోతే ఇంకో స్థాయి పైన! అక్కడ ఉండి కూడా నవ్వుతోంది, నటిస్తోంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

న్యూజెర్సీలో మా ఊళ్ళో సంగీత నాటకాలు వేసే చిన్న బృందం ఒకటుంది. ఫారం నింపాను, మర్నాటికల్లా టైం ఇచ్చారు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

‘పదహారు బార్లు తెచ్చుకోండి’ అని రాశారు, అంటే పాటలో ఒక చిన్న ముక్క. కరావోకే ట్రాక్ ఫోన్లో పెట్టుకుని వెళ్ళాను. లోపల పియానో దగ్గర కూర్చున్న పెద్దాయన చెయ్యి చాపి షీట్ మ్యూజిక్, అంటే పాట స్వరలిపి కాగితాలు, అడిగారు. లేదన్నాను. పోనీ ఏ కీలో, అంటే ఏ శ్రుతిలో, పాడతారన్నారు. నోటికొచ్చింది “ఐదున్నర” అని. బల్ల దగ్గర పేర్లు రాసుకుంటున్న అమ్మాయి పక్కవాళ్ళ వైపు తిరిగి నవ్వింది. రాజమండ్రిలో పదకొండేళ్ళు సంగీతం నేర్చుకుని, డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని. తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయికి ఒక వర్ణం రెండు కాలాల్లో పాడమంటే తెలిసేది.

అంతటితో అయిపోలేదు. పెద్దాయన స్కేలు వాయిస్తూ ఒక్కో మెట్టు పెంచుతుంటే వెంట పాడమన్నారు. నిండు గొంతుతో వెళ్ళాను. నా పంచమం దాటగానే గొంతు పగిలింది. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ పగిలింది. హెడ్ వాయిస్‌లోకి, అంటే పై స్వరాలు పలికే సన్నటి గొంతులోకి, మారమన్నారు. ఎలా మారను? చిన్నప్పుడు పొరపాటున అలా పాడితే మా టీచరుగారు తాళం వేసే చేత్తోనే తొడ మీద చరిచేవారు, “దొంగ గొంతు!” అని. ఆయన మీద నాకు గౌరవముంది. గమకం నిలబడాలంటే నిండు గొంతు కావాలి, అదీ ఒప్పుకుంటాను. కానీ దేవుడిచ్చిన గొంతులో సగానికి దొంగ అని పేరు పెట్టి తాళం వేయడం అన్యాయం. చెనోవెత్ ఓక్లహోమాలో ఒపెరా చదువుకుంది. ఆవిడకి నేర్పినవాళ్ళు ఆ గదికి తాళం వేయలేదు.

పెద్దాయన పాట ఆపించి, సైరన్ మోగినట్టు కింద నుంచి పైకి “ఊ...” అనమన్నారు. సిగ్గు చంపుకుని అన్నాను. దారమంత సన్నగా ఒక శబ్దం వచ్చింది, పగలకుండా పైకి పోయింది. అది నా గొంతేనా అనిపించింది. ఆయన తలూపి, పై ఎ స్వరం దాకా వెళ్ళారని కాగితం మీద రాసుకున్నారు.

వెళ్ళేవాళ్ళు షీట్ మ్యూజిక్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, ఎక్కడ మొదలో ఎక్కడ ఆపాలో పెన్సిల్‌తో గీయండి. ఐదున్నరని జి షార్ప్ అని చెప్పండి. బల్ల దగ్గరివాళ్ళ మొహాలు చూడకండి, పియానో వాయించేవాళ్ళకి మాత్రం నమస్కారం పెట్టండి.

నన్ను రెండో సొప్రానోల్లో, అంటే పై స్వరాలు పాడే ఆడగొంతుల్లో రెండో వరసలో, వేశారు. రిహార్సల్ మంగళవారం. ఇవాళ పొద్దున వంటింట్లో “ఊ” అంటే పై బి పలికింది. ఇ ఫ్లాట్‌కి ఇంకా నాలుగు మెట్లు.