మూడో రకాతా, నాలుగోదా?

నిన్న రాత్రి ఇషా నమాజులో పెదాలు ఖురాన్ తొలి సూరా (అధ్యాయం) ఫాతిహా చదువుతున్నాయి, బుర్ర మాత్రం పొద్దున పంపాల్సిన మెయిల్‌కి వాక్యాలు కూర్చుకుంటోంది. సజ్దా (నుదురు నేలకు ఆనించడం) నుంచి లేచేసరికి అయినవి మూడు రకాతులా (నిలబడటం నుంచి సజ్దాల దాకా ఒక వరస), నాలుగా? గుర్తులేదు. మూడే అనుకుని ఇంకోటి చదివి, చివర్లో మరుపు సరిదిద్దుకోవడానికి చేసే రెండు సహ్వ్ సజ్దాలు చేశాను.

ఇదివరకైతే నా ఈమాన్‌లోనే, అంటే విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోయేదాన్ని. మెదడు గురించి చదివాక ఆ టెన్షన్ కొంత తగ్గింది. బయటి పని లేకపోయినా అది ఊరుకోదు, నిన్నటినీ రేపటినీ తవ్వుకుంటూనే ఉంటుంది. 2001లో నాడీ శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం దీనికే డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. ఒంటి బరువులో 2 శాతమే ఉండి శక్తిలో 20 శాతం దాకా లాగేసే మెదడు ఖాళీగా ఎందుకు కూర్చుంటుంది!

ప్రవక్త మాటలు చెప్పే హదీసులో ఇంకా ఊరట ఉంది. మనసులో మెదిలేవాటిని నోటితో అననంతవరకు, చేతల్లో పెట్టనంతవరకు అల్లాహ్ మన్నించాడట. ఖురాన్ 114వ సూరా ఎదల్లో గుసగుసలు రేపేవాడి నుంచి శరణు కోరమంటుంది. ఆ గుసగుసా ఈ డిఫాల్ట్ మోడూ ఒకటేనని కొందరు అతికిస్తుంటే మాత్రం నాకు చిరాకు.

ఈరోజు తెల్లవారుజాము ఫజ్ర్ నమాజులో లెక్క తప్పలేదు. ఉన్నవే రెండు రకాతులు లెండి. రెండోదాంట్లో మెయిల్ ఓసారి తొంగిచూసింది.