పదిహేను వేలలో మా మేడ మీదికి పల్లెటూరి కళ

మాది హైదరాబాద్ ఏఎస్ రావు నగర్‌లో పాత ఇండిపెండెంట్ ఇల్లు. కింద అద్దెకిచ్చి పైన మేముంటాం. నెత్తి మీద స్లాబు తప్ప ఇంకేం లేదు కాబట్టి మార్చి దాటిందంటే రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఈసారి వేసవి సెలవులకి మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని వస్తానంది. ఎలాగూ ఇల్లు సర్దాలి, ఆ సర్దేదేదో ఎప్పటి నుంచో మనసులో ఉన్న ఫార్మ్‌హౌస్ స్టైల్‌లో సర్దుదామనుకున్నా. మావారు పదిహేను వేలు చేతిలో పెట్టి, "ఇదే మొత్తం, మధ్యలో మళ్ళీ అడగొద్దు" అన్నారు.

ఫోన్లో చూసే ఫార్మ్‌హౌస్ ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. తెల్లటి చెక్క గోడలు, కావాలని రంగు గీకేసిన బల్లలు, రేకు బకెట్లలో పూలు. ఇదంతా అమెరికా రైతుల ఇళ్ళ నుంచి వచ్చిన పద్ధతి. 2013లో మొదలైన ఒక టీవీ షోలో టెక్సస్ రాష్ట్రం వేకో ఊళ్ళోని పాత ఇళ్ళని ఇలా మార్చి చూపించాక ఊపందుకుంది. అక్కడ గాదె తలుపు కూడా డ్రాయింగ్ రూమ్‌లోకి వచ్చేసింది. బాగానే ఉంది కానీ, మా రోడ్డు దుమ్ముకి తెల్ల సోఫా కవరు వారం ఆగదు. పైగా అత్తయ్యది నల్గొండ వైపు పల్లె. ఇంట్లో అసలైన పల్లె మనిషిని పెట్టుకుని టెక్సస్ దాకా ఎందుకు? అందుకే కొనేది ఏదైనా కంటికి బాగుండడంతో పాటు ఎండనో వేడినో కాస్త ఆపాలి, లేదంటే దానికి పైసా లేదని గట్టిగా అనుకున్నా.

అలా అనుకున్నాక అలంకరణ హాల్లో కాకుండా డాబా మీద మొదలైంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక, ఎండని తిప్పికొట్టే ఈ తెల్ల డాబాల మాట అందరికీ తెలిసిందే. రెడీమేడ్ కూల్ పెయింట్ మా బడ్జెట్‌కి అందదు, సున్నం అందుతుంది. రాతి సున్నం తెచ్చి పాత ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, అందులో కొంచెం కొంచెంగా వేశాం. బుసబుసమని పొంగి డ్రమ్ము ముట్టుకోలేనంత కాలుతుంది. ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. రాత్రంతా వదిలేసి, పొద్దున వడకట్టి, జిగురు కోసం ఫెవికాల్ కలిపి, ఊడ్చి కడిగిన డాబా మీద పొర మీద పొర వేశాం. ఎండ ఎక్కకముందే పని ముగించాలి, లేకపోతే బ్రష్ లాగుతుండగానే ఆరిపోయి పొడిపొడిగా రాలుతుంది. ఇల్లు ఏసీ అయిపోయిందని చెప్పను. రాత్రిపూట ఫ్యాన్ వేడిగాలి కొట్టడం మాత్రం బాగా తగ్గింది.

తర్వాత పడమటి కిటికీలు. ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టాను, నాలుగున్నర వేలు. రోడ్డు పక్కన వెదురు పని చేసేవాళ్ళు కొలత తీసుకుని చిక్‌లు, అంటే వెదురు తెరలు, అల్లిచ్చారు. లోపల కట్టమంటారా, బయటా అని అడిగాడు వచ్చినతను. బయటే కట్టించాను. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఏ కర్టెన్ వేసినా ఆ వేడి గదిలోనే ఉంటుంది. అద్దానికి ముందే ఆపితే సగం పని అయినట్టే. సాయంత్రం ఎండ వెదురు సందుల్లోంచి నేల మీద గీతలు గీతలుగా పడుతుంటే, ఫొటోల్లో చూసిందానికన్నా ఇదే బాగుందనిపించింది.

నులక మంచం మాదే. అటక మీద ఫ్రేము పడి ఉంటే దింపి, చెద పట్టిందేమోనని మంచం కోళ్ళ దగ్గర తట్టి చూశాం. పిండి రాల్లేదు. నులక బదులు నూలు నవారు వేయించాను. ప్లాస్టిక్ నవారు చవకే, కానీ ఎండాకాలం దాని మీద పడుకుంటే వీపు అట్టు కాలినట్టే. మంచాలు అల్లే తాత వాకిట్లోనే కూర్చుని ముందు పొడుగ్గా పట్టీలన్నీ లాగి, తర్వాత అడ్డ పట్టీని ఒకదాని కిందికి, ఒకదాని పైకి పోనిస్తూ, ప్రతి వరసనీ పిడికిలితో గుద్ది దగ్గరికి జరిపాడు. కాళ్ళ వైపు జానెడు జాగా వదిలి తాడు బిగించాడు. "వదులైతే ఈడ గుంజుకో బిడ్డా, నన్ను పిలవకు" అన్నాడు. కూలీ, నవారు కలిపి రెండువేల ఆరువందలు.

బట్టకి సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్ళాను. కోరా కాటన్ మీటర్ల లెక్కన తెచ్చి, కుట్టించకముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశా. అది కుంచించుకుపోయే రకం, ముందు కుట్టిస్తే కర్టెన్ కిటికీ మధ్యలో వేలాడుతుంది. అంచులకి అత్తయ్య పాత పోచంపల్లి చీరలు అడగాలంటే కొంచెం టెన్షన్ పడ్డాను. ఆమె చీర తెచ్చి, చినిగిన చోటు నాకు చూపించి, "ఈడికెల్లి కొయ్యి, కొంగు ముట్టకు" అన్నారు. కొంగు ఆమె పెట్టెలోకి వెళ్ళింది, మిగతాది కర్టెన్ అంచులు, కుషన్ కవర్లయింది.

పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్ మీద ఆశలు పెట్టుకుని గురువారం పొద్దున్నే వెళ్ళాం. పాత తలుపులు, కుర్చీలు బోలెడు ఉన్నాయి, అయితే రవాణా ఖర్చు వస్తువు ధర కన్నా ఎక్కువ పడేలా ఉంది. బేరమాడి ఆరువందలకి ఒక పాత వెదురు నిచ్చెన మాత్రం తెచ్చా, దుప్పట్లు వేలాడదీయడానికి. "ఇంట్ల నిచ్చెన ఏంది బిడ్డా, ఎవలన్న జూస్తే సున్నాలేస్తున్నరనుకుంటరు" అన్నారు అత్తయ్య. అది నేను పెట్టుకున్న నియమానికి విరుద్ధమే, ఒప్పుకుంటా. నిచ్చెన ఏ ఎండనీ ఆపదు.

కూలర్ కిటికీకి వట్టివేళ్ళ తడికె కట్టాం. మన హైదరాబాద్ ఎండ పొడి ఎండ, ఏప్రిల్, మే నెలల్లో తడి త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే తేమ గదిలోనే నిలిచి ఒళ్ళు జిడ్డవుతుంది. ట్యాంకర్ నీళ్ళు దీనికి పోయాలంటే మనసొప్పక, ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే నీళ్ళు పట్టి పోస్తున్నాం. వాటిలో ఉప్పెక్కువ, తడికె మీద తెల్లపొర కడుతుంది. వారానికోసారి మామూలు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, లేదంటే ఆ మట్టివాసన కాస్తా ముక్క వాసనవుతుంది.

మోండా మార్కెట్ దగ్గర కొన్న మట్టి కూజా, నాలుగు మొక్కలు, చేటలో పోసిన మామిడికాయలు, ఇక అంతే. చేట గోడకి తగిలిద్దామన్నాను గానీ, బియ్యం దేంట్లో చెరగాలని అత్తయ్య అడిగేసరికి వంటింట్లోనే ఉండిపోయింది.

లెక్క చూస్తే పధ్నాలుగువేల ఎనిమిదివందలు. మావారు కాగితం మీద నిచ్చెన దగ్గర వేలు పెట్టి ఆగారు కానీ ఏమీ అనలేదు. ఆడపడుచు వచ్చిన రోజు నుంచీ మంచం పిల్లలదే. తనకీ ఒకటి కావాలంటే అల్లే తాత ఫోన్ నంబర్ ఇచ్చాను.