95 నిమిషాల లెక్క

ఆదివారం, బెంగళూరు

పొద్దున 8.40 కాగానే అంపైర్ బెయిల్స్ తీసేశాడు. అప్పటికి పడింది 17 ఓవర్లే. మా స్కోరు 131, పోయినవి మూడు వికెట్లు. క్రీజులో ఉన్న మా ఆదోని కుర్రాడు అరవై దాటి మంచి ఊపు మీదున్నాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని నేరుగా స్కోరర్ బల్ల దగ్గరికే వచ్చాడు. "ఏందన్నా ఇది, ఇంకా మూడు ఓవర్లు ఉండాయి గదా" అన్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర నియమం ఉంది గానీ న్యాయం లేదు. మా లీగులో ఇన్నింగ్సుకు 95 నిమిషాలు. ఆ లోపు ఎన్ని ఓవర్లు పడితే అన్నే. రెండో జట్టుకూ అన్నే.

132 పరుగుల లక్ష్యాన్ని వాళ్ళు పదిహేడో ఓవర్లో కొట్టేశారు. బాగా ఆడారు, అందులో అనుమానం లేదు. కానీ వాళ్ళకు మొదటి బంతి నుంచే తమవి 17 ఓవర్లని తెలుసు. మావాళ్ళు 20 ఉన్నాయనుకుని వికెట్లు దాచుకుంటూ వచ్చారు. దాచుకున్న ఏడు వికెట్లు అలాగే మిగిలిపోయాయి.

95 నిమిషాలన్న అంకె మాత్రం ఊరికే రాలేదు. హోస్కోటె వైపు మేం అద్దెకు తీసుకునే మైదానం 7 నుంచి 10.30 దాకానే మాది. ఆ తర్వాత ఇంకో రెండు జట్లు కిట్ బ్యాగులతో గేటు దగ్గర నిలబడి ఉంటాయి. మైదానం చూసుకునే పెద్దాయన 10.20కే వచ్చి "టైమాయ్తు సార్" అంటాడు. ఆయన తప్పేం లేదు. టాస్‌కి అయిదు నిమిషాలు, రెండు ఇన్నింగ్సులకు 190, మధ్యలో పది, స్టంపులు పీకి సామాను సర్దుకోవడానికి అయిదు. మొత్తం 210. ఎక్కడా సాగదీసే వీలు లేదు. వారమంతా ఆఫీసుల్లో మగ్గి, తెల్లవారుజామున అయిదింటికి లేచి, మారతహళ్ళి నుంచి, కె.ఆర్.పురం నుంచి బైకుల మీద వచ్చేవాళ్ళకు ఈ మూడున్నర గంటలు ఎంత విలువైనవో నాకు తెలుసు. అందుకే కాలపరిమితి ఉండాలంటాను. నా బాధంతా ఆ పరిమితి దాటినప్పుడు నష్టం ఎవరికి పడుతోందన్నదే.

వచ్చేటప్పుడు దర్శిని హోటల్ దగ్గర ఆగి, మా కెప్టెనూ నేనూ తట్టె ఇడ్లీ తిని, బైటూ కాఫీ చెప్పి, అక్కడే స్కోరు పుస్తకం తెరిచాం. నేను ప్రతి ఓవర్ మొదలైన టైమూ మార్జిన్‌లో రాసుకుంటాను, చాలాకాలంగా ఉన్న అలవాటు. 17 ఓవర్లంటే 102 బంతులు. వైడ్లు 14, నో బాల్స్ మూడు. మొత్తం 119 బంతులు వేశారు. మా స్థాయిలో బంతికి 35 సెకన్లు పడుతుంది. అంటే దాదాపు 69 నిమిషాలు. ఓవర్ ఓవర్‌కీ మధ్య ఒక్కో నిమిషం చొప్పున 16. నీలగిరి తోపులోకి పోయిన బంతిని వెతకడానికి ఆరు. వికెట్ పడ్డాక కొత్త బ్యాటర్ వచ్చి గార్డ్ తీసుకునేసరికి, మూడుసార్లకూ కలిపి నాలుగు. ఇవన్నీ కూడితే 95.

ఎవరూ కావాలని సాగదీయలేదని ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది. అవతలి జట్టులో ఇద్దరు కొత్త బౌలర్లు ఉన్నారు, పాపం చేతిలో బంతి నిలవలేదు. ఆ 17 అదనపు బంతులకే పది నిమిషాలు పోయాయి. అంటే రెండు ఓవర్ల పైచిలుకు. అవీ, బంతి వెతకడం, వికెట్ల దగ్గర ఆగడం లేకపోతే 20 ఓవర్లకు 89 నిమిషాలు చాలు. కాబట్టి 95 అన్నది కసాయి పరిమితేం కాదు. అంతర్జాతీయ టీ20లో ఇన్నింగ్సుకు ఇచ్చేది 85. ఐపీఎల్‌లో రెండున్నర నిమిషాల టైమవుట్లు రెండూ కలుపుకుని 90. మనకు బంతి తెచ్చిచ్చే పిల్లలు లేరు, బౌండరీ అవతల ఎల్ఈడీ బోర్డులకు బదులు ముళ్ళపొదలున్నాయి. ఆ అయిదూ పది నిమిషాలు ఎక్కువ ఉండటం సబబే.

నేను పట్టుకున్నది ఒక్కటే మాట. ఆలస్యం ఫీల్డింగ్ జట్టు చేసిందనుకుందాం, కావాలని చేసినా చేతగాక చేసినా సరే. ఇప్పుడున్న నియమం ప్రకారం కోల్పోయేది బ్యాటింగ్ జట్టు చివరి ఓవర్లు. ఇరవైలో చివరి మూడూ మిగతా ఏ మూడింటితోనూ సమానం కాదు, పరుగులు పండేదే అక్కడ. పైగా ఆలస్యం చేసిన జట్టు తన వంతు వచ్చేసరికి లెక్క ముందే తెలిసి బరిలోకి దిగుతుంది. మంచివాళ్ళకు ఇది అప్పనంగా దొరికిన లాభం. గడుసువాళ్ళకు ఒక ఎత్తుగడ. ఎవరి మనసులో ఏముందో అంపైర్ తేల్చాల్సిన అవసరమే రాకుండా నియమం ఉండాలి.

పెద్ద క్రికెట్‌లోనూ ఇది జరిగింది. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్ అనగానే అందరికీ సిడ్నీలో వాన, దక్షిణాఫ్రికాకు చివరికి ఒక్క బంతికి 21 పరుగులు కావాలని తేలిన ఘోరం గుర్తొస్తాయి. నాకూ ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 13 బంతుల్లో 22 కావాల్సిన జట్టు అది. కానీ అదే మ్యాచ్‌లో ముందు సగం ఎవరూ తలచుకోరు. ఇచ్చిన సమయంలో దక్షిణాఫ్రికా 45 ఓవర్లే వేసింది. ఇంగ్లండ్ ఇన్నింగ్స్ 252 దగ్గర, ఆరు వికెట్లకే, అక్కడితో ముగిసిపోయింది. చివరి అయిదు ఓవర్లు కొట్టుకునే అవకాశం వాళ్ళకు లేకపోయింది. ఈ రోజు మా ఆదోని కుర్రాడికి జరిగింది కూడా అదే.

దీనికి విరుగుడు నేను మా బెంగళూరులోనే చూశాను. చూశానంటే టీవీలో. 1996 మార్చి 9, చిన్నస్వామి స్టేడియం, పాకిస్తాన్‌తో క్వార్టర్ ఫైనల్. అప్పుడు నేను ఇంటర్, అనంతపురంలో మా వీధి వీధంతా ఒక్క ఇంట్లో కూర్చున్నాం. అజయ్ జడేజా 25 బంతుల్లో 45 కొట్టడం, తర్వాత ఆమిర్ సొహైల్‌ని వెంకటేశ్ ప్రసాద్ బౌల్డ్ చేయడం చెప్పని తెలుగువాడు ఉండడు. ఆ రోజు వసీం అక్రమ్ గాయంతో దిగలేదు, కెప్టెన్ సొహైలే. మన 50 ఓవర్లూ పూర్తిగా పడ్డాయి, 287 వచ్చాయి. పాకిస్తాన్ స్లో ఓవర్ రేట్‌కి మాత్రం వాళ్ళ బ్యాటింగ్‌లో ఒక ఓవర్ కోసేశారు. 288 కొట్టాలి, 49 ఓవర్లలో. ఆలస్యం ఎవరిదో కోతా వాళ్ళకే. ఆ వయసులో అర్థం కాలేదు గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క ఓవర్‌లో ఉన్న న్యాయం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

మా లీగు నియమం మార్చాలని నేను రాసిన ముసాయిదాకు ప్రాణం అదే. మొదట బ్యాటింగ్ చేసే జట్టుకు 20 ఓవర్లూ దక్కాలి. 8.40కి ఎన్ని ఓవర్లు మొదలుకాలేదో అన్ని ఓవర్లు ఫీల్డింగ్ జట్టు తన బ్యాటింగ్‌లో వదులుకోవాలి, లక్ష్యం మాత్రం పూర్తిగా ఛేదించాలి. మా కెప్టెన్ వెంటనే "మరి మైదానం టైమో?" అని అడిగాడు. అదీ చూశాను. ఓవర్‌కి నాలుగున్నర నిమిషాలు. మూడు ఓవర్లు అదనంగా నడిస్తే పదమూడున్నర నిమిషాలు ఎక్కువవుతాయి. రెండో ఇన్నింగ్సులో మూడు ఓవర్లు తగ్గితే అదే పదమూడున్నర తిరిగొస్తుంది. 10.25కే ఆట ముగుస్తుంది. ఇది కాగితం మీద సరిపోయినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో ఓవర్లు కోయడం లేదు కదా అన్నాడు మా కెప్టెన్. నిజమే. 2022 జనవరి నుంచి టీ20ల్లో, సమయం దాటాక వేసే ఓవర్లకు సర్కిల్ (పిచ్ చుట్టూ గీసే 30 గజాల గీత) బయట ఒక ఫీల్డర్ తగ్గుతాడు. అది వాళ్ళకు సరిపోతుంది, రాత్రి పదిన్నరకు మైదానం ఖాళీ చేయమనే పెద్దాయన వాళ్ళకు లేడు. మా మైదానంలో సర్కిలే గీయరు. ఫీల్డర్‌ను లోపలికి పిలిస్తే పోయిన నిమిషాలు తిరిగి రావు కూడా. ఒక ఓవర్ అయ్యాక 60 సెకన్లలో తర్వాతిది మొదలవ్వాలనే గడియారం మాత్రం మనకు పనికొచ్చేదే. 2024 టీ20 ప్రపంచకప్‌లో న్యూయార్క్‌లో మనతో ఆడుతూ అమెరికా మూడోసారి ఆ నిమిషం దాటింది. 30 బంతుల్లో 35 కావాల్సిన మనకు అయిదు పరుగులు కలిసొచ్చి 30 మిగిలాయి. చిన్న శిక్ష, అప్పటికప్పుడు పడింది. నాకు అది నచ్చింది. కానీ మాకు ప్రతి ఓవర్‌కీ స్టాప్‌వాచ్ పట్టుకునే మనిషెక్కడ?

మధ్యాహ్నం ఈ గొడవంతా మా మామయ్య విన్నారు. హిందూపురం నుంచి వచ్చి వారం రోజులుగా మా దగ్గరే ఉంటున్నారు. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి, క్రికెట్ అంతంతమాత్రం. "బస్సు డిపో చేరినాక లేటంటే ఏం లాభం నాయనా? దారిలో పాయింటు పాయింటుకీ టైం రాసుకుంటే డ్రైవర్‌కి ముందే తెలుస్తాది గదా" అన్నారు. ఆ మాటతో ముసాయిదాలో ఒక వాక్యం పెరిగింది. అయిదో ఓవర్ 7.29కి, పదోది 7.53కి, పదిహేనోది 8.16కి పూర్తి కావాలి. ప్రతి చోటా రెండు జట్ల స్కోరర్లూ కలిసి ఫీల్డింగ్ కెప్టెన్‌కి ఎంత వెనకబడ్డాడో గట్టిగా చెప్పి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ రోజు పది ఓవర్లయ్యేసరికే వాళ్ళు ఎనిమిది నిమిషాలు వెనక ఉన్నారు. అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ కెప్టెన్ కొత్త బౌలర్లకు బంతి ఇచ్చే ముందు ఆలోచించేవాడు. మా ఆటలో అంపైర్లు బ్యాటింగ్ జట్టు నుంచే వస్తారు కాబట్టి గడియారం వాళ్ళొక్కరి చేతిలో ఉండకూడదు. సంతకాలు అడిగింది అందుకే.

నిమిషాలకు మూడు ఖాతాలు పెట్టాను. వైడ్లు, నో బాల్స్, ఫీల్డింగ్ సర్దుబాట్లు ఫీల్డింగ్ జట్టువి. ప్యాడ్లు కట్టుకోకుండా కూర్చున్న బ్యాటర్, ఓవర్ మధ్యలో గ్లవ్స్ మార్పులు, నీళ్ళు బ్యాటింగ్ జట్టువి. పోయిన బంతి, దెబ్బలు, పిచ్ మీదికొచ్చే ఆవులు ఎవరివీ కావు. రెండోదీ మూడోదీ పరిమితికి కలపాలి. ఆ లెక్కన ఈ రోజు ఆరూ నాలుగూ పది నిమిషాలు కలిపితే వాళ్ళకు ఇంకో రెండు ఓవర్లు పట్టేవి. కోత పడేది మూడు ఓవర్లు కాదు, ఒక్కటే. కోత పడని ఆ రెండు ఓవర్ల టైమే మైదానానికి బరువవుతుంది. అందుకే విరామాన్ని పది నుంచి అయిదుకు తగ్గించి, ఇంకో బంతి అంపైర్ జేబులో ఉండాలని రాశాను. తోపులో పోయిన బంతిని ఒక్కరే వెతుకుతారు, ఆట ఆగదు. కొత్త బ్యాటర్ విషయంలో టైమ్డ్ అవుట్ (వేళకు సిద్ధం కాకపోతే అవుటనే నియమం) పెట్టమన్నారు కొందరు. 2023లో ఢిల్లీలో హెల్మెట్ పట్టీ తెగి ఏంజెలో మాథ్యూస్ అవుటైన తీరు చూశాక ఆదివారం ఆటకు అది తేవడం నాకిష్టం లేదు. నిమిషాలు వాళ్ళ ఖాతాలో రాస్తే చాలు.

సాయంత్రం అవతలి కెప్టెన్ ఫోన్ చేశాడు. కర్నూలబ్బాయి, నెమ్మదస్తుడు. "అన్నా, మాకు గెలుపు సంతోషం లేదన్నా, మావోళ్ళే అంటున్నారు" అన్నాడు. ముసాయిదా చదివి వినిపించాను. మొదటి ఇన్నింగ్స్ నియమానికి వెంటనే సరేనన్నాడు. చిక్కు రెండో ఇన్నింగ్సు దగ్గర వచ్చింది. అప్పుడు ఫీల్డింగ్ చేస్తున్న జట్టు ఆలస్యం చేస్తే వాళ్ళ నుంచి కోయడానికి ఓవర్లే మిగలవు, వాళ్ళ బ్యాటింగ్ ముందే అయిపోయింది. 10.25కి ఆట ఆపాల్సిందే. అందుకే పడని ప్రతి ఓవర్‌కీ ఛేజ్ చేసే జట్టుకు పది పరుగులు ఇవ్వమని రాశాను. బ్యాటింగ్ వాళ్ళు కావాలని సాగదీస్తే ఆ నిమిషాలు వాళ్ళ ఖాతాలోకి పోతాయి కాబట్టి ఆ మేరకు పరుగులు రావు.

"పది ఎక్కువన్నా, ఎనిమిది పెట్టండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా పుస్తకాల్లో చివరి ఓవర్లకు పది దాకా వస్తూనే ఉంటాయి. ఎనిమిదే ఇస్తామంటే, బాగా కొట్టే బ్యాటర్ క్రీజులో ఉన్నప్పుడు ఓవర్ వేయడం కన్నా వేయకపోవడమే లాభం అవుతుంది. మళ్ళీ మొదటికే వస్తాం. వేయని ఓవర్, వేసిన ఓవర్ కన్నా ఎప్పుడూ చవక కాకూడదు. వచ్చే ఆదివారం వాళ్ళదీ వైట్‌ఫీల్డ్ జట్టుదీ మ్యాచ్. పది పరుగుల మీద తను వాళ్ళ కెప్టెన్‌తో మాట్లాడతానన్నాడు. స్కోరర్‌గా నేనే వస్తానని చెప్పాను.