సున్నా దగ్గర ఆగిన పుస్తకం

నేను ప్రూఫులు దిద్దిన మొదటి పుస్తకం రెండో రోజుకే వెనక్కి వచ్చింది. డిగ్రీ చదివే ఒక అమ్మాయికి కావలసిన చరిత్ర పాఠ్యపుస్తకం అది, 212 పేజీలు. ఆ అమ్మాయికి చూపు లేదు. కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పెట్టుకుని వింటూ చదువుకుంటుంది. స్కానింగ్, ఓసీఆర్ (స్కాన్ చేసిన పేజీలోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించి టైపు చేసిన పాఠంగా మార్చడం) వేరేవాళ్ళు చేసి పంపారు. తప్పులు దిద్దడం, చదవడానికి వీలుగా ఫార్మాట్ చేయడం నా వంతు. ప్రతి పంక్తీ రెండుసార్లు చూసే పంపాను. సమీక్ష చేసే సార్ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: "మొదటి పేజీ దాటలేకపోయాను. మీరు కూడా ఒకసారి విని చూడండి."

ఆయనకూ చూపు లేదు. ఇలాంటి పుస్తకాలు ఎన్నో ఏళ్ళుగా వింటున్నారు. నాకు మాత్రం అప్పటిదాకా వినాలన్న ఆలోచనే రాలేదు.

ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ వేసుకుని, తెలుగు గొంతు పెట్టుకుని ఫైలు తెరిచాను. మొదటి వాక్యంలో 'గ్రంథం' రావాల్సిన చోట "గ్రంథ సున్నా" అని వినపడింది. తర్వాతి పంక్తిలో "రాజ్య సున్నా". తెర మీద చూస్తే గ్రంథం గ్రంథంలాగే ఉంది. ఫాంట్ పెద్దది చేసి చూసినా అంతే. అరగంట కొట్టుకున్నాక అర్థమైంది. అక్షరం పక్కన పెట్టే పూర్ణానుస్వారం ఒకటి, తెలుగు అంకెల్లోని సున్నా ఇంకొకటి. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా ఉంటాయి కానీ కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు కోడ్‌లు. ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ గుండ్రంగా కనపడినదాన్ని చాలాచోట్ల అంకె అనుకుంది. నేను రెండుసార్లు కాదు, ఇరవైసార్లు చూసినా ఆ తప్పు నా కంటికి దొరికేది కాదు.

తప్పు తెలిసింది కదా అని, ఫైల్లోని సున్నాలన్నీ ఒకేసారి అనుస్వారాలయ్యేలా 'రీప్లేస్ ఆల్' కొట్టేశాను. నిమిషంలో పని అయిపోయిందని సంబరపడ్డాను. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి సంవత్సరాలు విరిగిపోయాయి. ఆ అధ్యాయంలో పాత పత్రాల నుంచి తీసుకున్న భాగాలున్నాయి, వాటిలో సంవత్సరాలు తెలుగు అంకెల్లోనే అచ్చువేశారు. ౧౮౩౦లో ఉండాల్సిన సున్నా కాస్తా అనుస్వారమైపోయింది. మొదటి కాపీ విడిగా దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను. ఈసారి పక్కన ఇంకో తెలుగు అంకె లేని సున్నాలను మాత్రమే మార్చాను, అదీ ఒక్కొక్కటీ చూసుకుంటూ. ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఇదే: ఫైలు రాగానే ముట్టుకోకుండా ఒక కాపీ పక్కన పెట్టండి.

తర్వాత మిగతా తప్పుల సంగతి. వ, ప, ష, మ, వు, ద, ధ, థ ఒకదానికొకటి దగ్గరగా ఉండేవి కాబట్టి ఓసీఆర్ తరచుగా తడబడుతుంది. 'పన్ను' 'వన్ను' అయితే భయం లేదు, చెవి వెంటనే పట్టేస్తుంది. 'వాడు' 'పాడు' అయినప్పుడు, 'కాలం' 'కలం' అయినప్పుడే కష్టం. రెండూ మంచి తెలుగు మాటలే, స్పెల్ చెక్ వాటిని వదిలేస్తుంది. చెవి కూడా ఏమరుపాటుగా ఉంటే జారవిడుస్తుంది. అంకెలు ఇంకా ప్రమాదం. 1857 కాస్తా 1357 అయితే ఆపేదెవరు? చరిత్ర పరీక్ష రాసే పిల్ల దాన్నే కంఠస్థం చేసి రాస్తుంది. అందుకే ఒక పూటంతా అక్షరాల జోలికి పోకుండా, పుస్తకంలోని అంకెలను మాత్రమే స్కాన్ పేజీతో సరిచూశాను. పదకొండు తప్పులు బయటపడ్డాయి. అవన్నీ నేను అంతకుముందు రెండుసార్లు 'చదివిన' పేజీల్లోవే.

కన్ను తెలివైనది, అందుకే ఈ పనికి దాన్ని పూర్తిగా నమ్మలేం. పేజీ పైభాగంలో ఉండే అధ్యాయం పేరునూ పేజీ నంబరునూ మనం చూడనే చూడం. ఓసీఆర్ మాత్రం వాటిని వాక్యం మధ్యలో పడేస్తుంది. నేను పంపిన ఫైల్లో ఒక వాక్యం ఇలా ఉంది: "రైతులు శిస్తు కట్టలేక 87 భూమిశిస్తు విధానాలు ఊళ్ళు విడిచి వెళ్ళిపోయారు." నేను చదివినప్పుడు అది నాకు మామూలుగానే అనిపించింది, ఎందుకంటే మధ్యలోది నేను చదవనే లేదు. వింటే ఆ రైతులు ఎటు పోయారో తెలియదు. ఇలాంటివి ప్రతి పేజీకీ ఒకటి.

కోపం కొద్దీ పేజీ నంబర్లన్నీ తీసేశాను. సార్ మళ్ళీ ఆపారు. "క్లాసులో 143వ పేజీ తీయమంటే ఆ అమ్మాయి ఎలా తీస్తుంది?" అన్నారు. నిజమే. అచ్చు పుస్తకంలో ఏ పేజీ ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆ నంబరు గుర్తు ఉండాలి, వాక్యానికి అడ్డం రాకూడదు. ఫైలు చివరికి డైసీ రూపంలోకి వెళ్తుంది. చూడలేనివాళ్ళు చదివే పుస్తకాల కోసమే తయారైన పద్ధతి అది. ఆ నంబర్లు సరిగ్గా గుర్తించి ఉంటే, చదివేవాళ్ళు నేరుగా కావలసిన పేజీకి వెళ్ళగలరు.

శీర్షికల విషయంలోనూ పాఠం నేర్చుకున్నాను. నేను అధ్యాయాల పేర్లను బోల్డ్ చేసి, సైజు పెంచి ఊరుకున్నాను. చెవికి బోల్డ్ ఏమిటి? హెడింగ్ స్టైల్ పెడితేనే అది శీర్షిక అని స్క్రీన్ రీడర్‌కి తెలుస్తుంది. అప్పుడు హెచ్ మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకవచ్చు. లేకపోతే ఆరో అధ్యాయం కోసం మొదటి ఐదూ వినాల్సిందే. ఒక సాయంత్రం కూర్చుని అన్నింటికీ స్థాయిలు పెట్టాను. పెద్ద కష్టమేమీ లేదు.

కష్టమంతా పట్టికల దగ్గర. 143వ పేజీలోనే ఒకటుంది: అయిదు జిల్లాలు, మూడు దశాబ్దాలు, వసూలైన శిస్తు. నేను ట్యాబ్‌లు కొట్టి వరుసలు సర్దాను, చూడటానికి ముచ్చటగా ఉంది. వింటే అంకెల వాన. ఏ అంకె ఏ జిల్లాదో, ఏ దశాబ్దందో తెలిస్తే ఒట్టు. అదంతా చెరిపి నిజమైన టేబుల్ పెట్టి, పై వరుసను హెడర్‌గా గుర్తించి మళ్ళీ విన్నాను. ఈసారి కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం మీటలతో గడి నుంచి గడికి కదిలితే దశాబ్దం పేరు కూడా చెబుతోంది. ఆ ఒక్క పట్టికకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నాకు బాగా నచ్చింది.

బొమ్మలకు వర్ణన రాయడంలో మొదట అతి చేశాను. ఒక నాయకుడి ఫొటో కింద పేరు ఉన్నా మళ్ళీ పేరు రాసి, "ముఖంలో దృఢ సంకల్పం" అని కూడా చేర్చాను. కనపడేది చెప్పండి చాలు, సంకల్పం సంగతి చదివేవాళ్ళు చూసుకుంటారు అన్నారు సార్. పటాల దగ్గర ఒక కిటుకు దొరికింది. అధ్యాయం చివరి ప్రశ్నలు ముందు చదివి, ఆ పటం నుంచి విద్యార్థికి ఏం కావాలో తెలుసుకుని, అది మొదట చెప్పడం.

ఇదంతా చట్టం ఒప్పుకుంటుందా అన్న సందేహం నాకు మొదట్లో ఉండేది. 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందం ఇందుకోసమే వచ్చింది. అచ్చు చదవలేనివాళ్ళ కోసం, అనుమతి ఉన్న సంస్థలు హక్కుదారును అడగకుండానే ఇలాంటి ప్రతులు తయారు చేసి ఇవ్వడానికి, అందులో చేరిన దేశాలు తమ చట్టాల్లో వీలు కల్పించాలి. ఆ ప్రతి అందరికీ పంచేది మాత్రం కాదు. పని అయ్యాక నా కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ తీసేశాను.

ఇంకొక నియమం పాటించడం నాకు కొంచెం కష్టమైంది. రచయిత రాసినదాన్ని దిద్దకూడదు. పాత వర్ణక్రమం ఉంటే అలాగే ఉండాలి, బండి ఱ ఉంటే బండి ఱే. వాక్యం మనకు కుంటుతున్నట్టు అనిపించినా సరే. చూపున్నవాళ్ళకు ఏ పుస్తకం దొరుకుతుందో, అదే వాళ్ళకూ దొరకాలి.

మొత్తం ఆరు వారాలు పట్టింది. మూడోసారి పంపినప్పుడు సార్ ఒకే మాట రాశారు: "వింటున్నాను." నాలుగు రోజుల తర్వాత పుస్తకం ఆ అమ్మాయికి చేరింది.

పరీక్షలకు ముందు ఆమె నుంచి సార్ ద్వారా నాకో ప్రశ్న వచ్చింది. 143వ పేజీ పట్టికలో రెండో దశాబ్దం అంకెలు కూడితే కింద వేసిన మొత్తంతో కలవడం లేదట, అది నా పొరపాటా, పుస్తకంలోనే అలా ఉందా అని. ఫైళ్ళు నా దగ్గర లేవు కాబట్టి అచ్చు పుస్తకం ఉన్నవాళ్ళను పట్టుకుని ఆ పేజీ ఫొటో తెప్పించుకున్నాను. అయిదు గడులూ కూడి చూశాను. తప్పు అచ్చులోదే. అదే ఆమెకు చెప్పమన్నాను.