త్సావో ఏనుగులు, తేనెపెట్టెల కంచె

కెన్యా వెళ్తున్నానంటే అందరూ సఫారీ ఫొటోలే అడిగారు. పెడతాను. త్సావో ఈస్ట్ నేషనల్ పార్కులో ఒళ్లంతా ఎర్రమట్టి పూసుకుని కదిలే ఏనుగుల గుంపుని చూస్తే కళ్లు తిప్పుకోలేం, నిజమే. కానీ నా మనసు మాత్రం పార్కు బయట, వోయి పట్టణం దగ్గరి సగల్లా చేలల్లోనే ఉండిపోయింది.

అక్కడ వాలంటీర్‌గా నా పని తేనెపెట్టెల కంచెకి తీగలు బిగించడం. ఏనుగులు పంట మీద పడకుండా చేను చుట్టూ పది మీటర్లకొకటి చొప్పున పెట్టెలు వేలాడదీస్తారు. మధ్యమధ్య ఉత్త చెక్కతో చేసిన డమ్మీలు కూడా ఉంటాయి. ఏనుగు తీగని తాకిందా, పెట్టెలు ఊగి తేనెటీగలు లేస్తాయి. అంత పెద్ద జంతువూ కళ్ల దగ్గర, తొండం లోపల కుడితే తట్టుకోలేదు. రేగిన తేనెటీగల రొద వింటేనే ఏనుగులు పరుగు తీస్తాయని ఏనుగుల పరిశోధకురాలు లూసీ కింగ్ బృందం 2007లోనే రుజువు చేసింది.

ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేనంతా పోగొట్టుకున్న ఒకమ్మ నా పక్కనే నిలబడి తీగ లాగింది. ఆవిడకి ఏనుగుల మీద కోపం లేదు, పిల్లల తిండి గురించే దిగులు. ఇప్పుడు తేనె అమ్మితే వచ్చే నాలుగు డబ్బులూ ఆవిడవే.

సఫారీకి వెళ్లేవాళ్లు వీలైతే కొన్ని రోజులు ఇలాంటి పనికి ఇవ్వండి. సింహం పిల్లల్ని ఎత్తుకోనిస్తామనే చోట్లకి మాత్రం దయచేసి వెళ్లొద్దు.