బువ్వ లెక్కలోకి రాలేదు

మావాడికి పద్దెనిమిదో నెల చెకప్‌లో ఒక ఫారం చేతికిచ్చారు. ఇరవై ప్రశ్నలు, అన్నిటికీ అవును, కాదు అని జవాబులు. దాన్ని ఎం-చాట్ అంటారని, ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూడడానికి ఇస్తారని తర్వాత తెలిసింది. "ఆసక్తిగా ఏదైనా కనిపిస్తే మీ బిడ్డ మీకు వేలితో చూపిస్తాడా?" అన్న దగ్గర నా పెన్ను ఆగింది. చూపించడు. ఏదైనా కావాలంటే నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, నా చెయ్యి తీసి దాని తలుపు మీద పెడతాడు. ముద్దొచ్చి వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాం. ఆ రోజు "అవును" అని టిక్కు పెట్టేశాను. అబద్ధమని తెలిసే పెట్టాను. ఆ టిక్కు మాకు ఆరు నెలలు ఖర్చు పెట్టించింది. రెండేళ్ళ చెకప్‌లో మళ్ళీ అదే ఫారం వచ్చినప్పుడు గానీ నిజం రాయలేదు.

ఈలోపు అమ్మ విజిటర్ వీసా మీద కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్‌కి వచ్చింది. మా ఇంట్లో ఆరు నెలలు అమ్మావాళ్ళు, ఆరు నెలలు అత్తయ్యావాళ్ళు. ఇక్కడ చాలామంది తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇదే షిఫ్టు. "మీ తమ్ముడు మూడేళ్ళు నిండాక గానీ నోరు విప్పలేదు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు" అంది. సూట్‌కేసులో ఆవకాయ సీసాల మధ్య వసకొమ్ము కూడా తెచ్చింది. సాన మీద అరగదీసి నాలిక్కి రాస్తే వసపిట్టలా మాట్లాడతాడట. పిల్లల డాక్టర్ని అడిగితే వద్దన్నారు. అమెరికాలో తినే పదార్థాల్లో వస వాడకూడదని ఎఫ్‌డీఏ ఎప్పుడో నిషేధించింది. అమ్మ ఆ కొమ్ముని దేవుడి గూట్లో పెట్టేసింది. అదింకా అక్కడే ఉంది.

కాలిఫోర్నియాలో ఎదుగుదల ఆలస్యమైన మూడేళ్ళలోపు పిల్లలకి ఎర్లీ స్టార్ట్ అనే కార్యక్రమం ఉంది. చాలావరకు, ఇలాంటి ఇబ్బందులున్నవాళ్ళకి సాయం చేసే రీజనల్ సెంటర్ల ద్వారానే నడుస్తుంది. రాష్ట్రంలో అలాంటివి 21 ఉన్నాయి. డాక్టర్ చీటీ ఉండాలేమో అని నేను రెండు వారాలు ఆగాను. అక్కర్లేదు, తల్లో తండ్రో నేరుగా ఫోన్ చేసి అడగొచ్చు. అలా అడిగిన రోజు నుంచి 45 రోజుల్లో పరీక్షించి, పిల్లవాడు అర్హుడైతే ఇంటివాళ్ళతో కూర్చుని ఐఎఫ్ఎస్పీ అనే ప్లాన్ రాయాలి. పరీక్షకి డబ్బు తీసుకోరు. దీని వెనకున్న ఫెడరల్ చట్టం, వైకల్యాలున్న పిల్లల చదువు కోసం చేసింది, 1975లోది, పుట్టినప్పటి నుంచి మూడేళ్ళలోపు పిల్లల్ని అందులో చేర్చింది 1986లో.

ఆ పరీక్ష చేయడానికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి మా కార్పెట్ మీద కూర్చున్నారు. ఒకావిడ బుడగలు ఊదింది, బ్లాకులు పేర్చింది. రెండో ఆవిడ నన్ను అడగడం మొదలుపెట్టింది. ఎన్ని మాటలు అంటాడు? "బాల్, నో, మోర్, బబుల్" అన్నాను. నాలుగని రాసుకుంది. వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "బువ్వ అంటాడు, జేజ అంటాడు, తాత, అత్త, బూచి అంటాడు, చెప్పవే!" అంటోంది. నేను వెనక్కి తిరిగి, "అమ్మా, అవి తెలుగులో కదా" అన్నాను. అవి లెక్కలోకి రావని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకున్నాను. రిపోర్టులో నాలుగు మాటలనే వచ్చింది.

నిజానికి పిల్లవాడి సొంత భాషలోనే పరీక్ష చేయాలని, అది బొత్తిగా కుదరని పక్షంలోనే మినహాయింపని ఆ చట్టం కిందే నిబంధన ఉంది. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతామని ఫారంలో నేనే రాశాను. అయినా దుబాసీ కావాలా అని వాళ్ళు అడగలేదు, కావాలని మేమూ అడగలేదు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళం, మాకెందుకులే అనే పెద్దరికం ఒకటి ఉంటుంది మనకి. పరీక్ష మాకు కాదు, వాడికని తట్టలేదు.

ఆ తర్వాత ఇంకో స్పెషలిస్టు, పేరు వద్దు, "రెండు భాషలతో కన్ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంట్లో ఒక్క ఇంగ్లీషే వాడండి" అన్నారు. ఆ రోజు నుంచి రెండు నెలలు ఆయన చెప్పినట్టే చేశాం. అమ్మకి ఇంగ్లీషు రాదు. ముద్ద కలిపి చేత్తో పట్టుకుని "కమ్, ఈట్" అనేది. ఆ తర్వాత ఏమనాలో తెలియక ఊరుకునేది. కాకమ్మ కథ పోయింది, చందమామ పాట పోయింది. వాడు కొత్తగా ఇంగ్లీషు మాట ఒక్కటీ నేర్వలేదు గానీ ఉన్న "బువ్వ" కూడా మానేశాడు. ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎక్కువ కోపం నా మీదే.

దాన్ని సరిచేసింది ఇంటికొచ్చే స్పీచ్ థెరపిస్ట్. ఆవిడకి తెలుగు ముక్క రాదు. మొదటి రోజే, "మీ అమ్మగారు అన్నం పెట్టేటప్పుడు మామూలుగా ఏమంటారో అదే అనమనండి, నేను వింటాను" అంది. ఒక కాగితం తీసి రెండు నిలువు గీతలు గీసి, ఏ భాషలోదైనా సరే, వాడు అన్న మాటల్లా రాయమంది. తెలుగువి, ఇంగ్లీషువి కలిపితే పదిహేను. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా అంతేనని పరిశోధనలు ఉన్నాయని చెప్పింది. పదిహేను కూడా రెండేళ్ళవాడికి తక్కువే. తెలుగు కలిపినంత మాత్రాన ఆటిజం లేకుండా పోలేదు. రెండేళ్ళ పది నెలలకి డయాగ్నసిస్ వచ్చింది, అది సరైనదే.

ఆ డయాగ్నసిస్ పరీక్షలో ఒక సంగతి. బొమ్మకి పుట్టినరోజు చేస్తున్నట్టు ఆట ఆడించారు. ఉత్తుత్తి కేకు, ఉత్తుత్తి కొవ్వొత్తులు. "ఊదు" అని చేసి చూపించారు. మావాడు ఊదలేదు. కాసేపు చూసి రెండు చేతులూ జోడించాడు. అప్పటికి అత్తయ్యగారి షిఫ్టు నడుస్తోంది. రోజూ సాయంత్రం దీపం పెట్టి వీడి చేత దణ్ణం పెట్టిస్తారు, నోటితో దీపం ఊదకూడదు నాన్నా అంటారు. పరీక్ష చేస్తున్నావిడకి ఈ మాట చెప్పాను. ఈసారి నోరు మూసుకోలేదు. ఆవిడ పెన్ను ఆపి, అది కూడా నటించి ఆడడమే కదా అని రాసుకుంది. మిగతావి ఎలా ఉన్నా, ఆ ఒక్క గడిలో న్యాయం జరిగింది.

మూడేళ్ళు నిండితే బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. ఇక్కడ ఆసుపత్రి డయాగ్నసిస్ వేరు, స్కూలు అర్హత వేరు. ఒకటుంటే రెండోది దానంతటదే రాదు. అడిగేది ఏదైనా రాసి అడగాలి, ఈమెయిల్ చాలు. రాసిన 15 రోజుల్లో వాళ్ళు అసెస్‌మెంట్ ప్లాన్ పంపాలి. మనం సంతకం పెట్టి ఇచ్చాక, సెలవులు మినహాయిస్తే, 60 రోజుల్లో ఐఈపీ మీటింగ్ పెట్టాలి. ఐఈపీ అంటే బడిలో బిడ్డకి ఏమేం సాయం చేస్తారో రాసే ప్లాన్. మీటింగులో అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు. కొన్నిటికి ఒప్పుకుని కొన్నిటికి వద్దనొచ్చు. మేం రెండు రోజులు ఇంట్లో చదువుకుని సంతకం పెట్టాం.

ఈసారి దుబాసీని అడిగాం, అత్తయ్యగారి కోసం. ఫోన్లో వచ్చినాయన మంచివాడే గానీ మరీ గ్రాంథికం. "వాక్ చికిత్సకురాలు వారానికి రెండు పర్యాయములు" అన్నాడు. అత్తయ్యగారు నా చెవిలో, "ఆవిడెవరమ్మా, కొత్తగా వస్తోందా?" అన్నారు. ఏడాదిగా ఇంటికొస్తున్న స్పీచ్ థెరపిస్ట్ లాంటావిడే అని చెప్పాను.

మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది వీసా గురించి. "హెచ్‌1బీ మీద ఉన్నాం, ఇవి తీసుకుంటే గ్రీన్‌కార్డ్‌కి ఇబ్బందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. ప్రభుత్వ సాయం మీదే బతుకుతారనిపిస్తే గ్రీన్‌కార్డ్ ఇవ్వకపోవచ్చు, దాన్ని పబ్లిక్ ఛార్జ్ అంటారు. బడిలో ఇచ్చే ప్రత్యేక విద్య, థెరపీ దాని కింద లెక్కకి రావు. ఇన్సూరెన్స్‌తో చిక్కు వేరు. ఆటిజం ఉన్న పిల్లలకి ఏబీఏ లాంటి బిహేవియర్ థెరపీకి ఇన్సూరెన్స్ కవరేజ్ ఇవ్వాలని 2012 నుంచి కాలిఫోర్నియాలో చట్టం ఉంది గానీ, కంపెనీయే సొంతంగా డబ్బు పెట్టి నడిపే ప్లాన్లకి అది వర్తించదు. పెద్ద టెక్ కంపెనీల ప్లాన్లు చాలావరకు అలాంటివే. మా ఆయన ఉద్యోగం మారినప్పుడు జీతం కన్నా ముందు ఇదే అడిగారు.

గుంటూరులో మా పిన్ని కూతురు మొన్న వాళ్ళ పాప గురించి అడిగింది. "నీకేమే, అమెరికాలో అన్నీ ఇంటికొస్తాయి" అని కాస్త ఉడుక్కుంది కూడా. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి చూసే కేంద్రాలు, డీఈఐసీ అని పెట్టారు, ముందు అక్కడ కనుక్కోమన్నాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. అక్కడైతే పాపని తెలుగులోనే పలకరిస్తారు. ఆ ఒక్కదానికీ నాకు అసూయ.

మావాడికి ఇప్పుడు నాలుగున్నర. రెండు గీతల కాగితం ఫ్రిజ్ మీదే ఉంది, చివర ఇంకో కాగితం అతికించాం. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ పాట మొదలుపెడితే వాడు "ఛీ" అని ఫోన్ తిప్పేశాడు. అమ్మ అక్కణ్ణుంచి ఒకటే అరుపు, "రాయవే, రాయి, అది కొత్తది!"