బాస్ టోర్నమెంట్లు చూడటం: నా నోటుబుక్కు ఎందాకా వచ్చిందంటే

బాస్ అనే మంచినీటి చేపను పట్టే పోటీల్లో పేరున్నది బాస్‌మాస్టర్ క్లాసిక్. 2025 మార్చిలో అది మా డాలస్ వైపే జరిగింది. చేపలు పట్టింది లేక్ రే రాబర్ట్స్‌లో, తూకం ఫోర్ట్‌వర్త్‌లోని డిక్కీస్ అరీనాలో. ఈస్టన్ ఫోథర్‌గిల్ అనే కుర్రాడు మూడు రోజుల్లో 76 పౌండ్ల 15 ఔన్సులు తూచి గెలిచాడు. రోజుకు ఐదు చేపల లెక్కన పదిహేను చేపలు, అంటే సగటున ఒక్కోటీ ఐదు పౌండ్ల పైమాటే. ఆ మూడు రోజులూ టీవీ ముందే గడిచిపోయాయి. అప్పటినుంచి వారాంతాల్లో పాత పోటీల వీడియోలు, కొత్త లైవ్‌లు చూస్తూ ఒక నోటుబుక్కు నింపుతున్నాను.

మొదటి వారాల పేజీల్లో అన్నీ నియమాలే. ఎంత పట్టినా తూకానికి ఐదు చేపలే. ఐదూ నిండేదాకా ఒక ఆట, నిండాక ఇంకో ఆట. ఆరోది పడితే లైవ్‌వెల్‌లో (చేపల్ని ప్రాణాలతో ఉంచే పడవలోని నీళ్ళతొట్టిలో) ఉన్నవాటిలో చిన్నదాన్ని వదిలేసి దీన్ని ఉంచుకోవాలి. చచ్చిన చేప తెస్తే 4 ఔన్సుల కోత. ఆలస్యంగా వస్తే నిమిషానికి ఒక పౌండు కోత. ఈ చివరి నియమం తెలిశాక చూపంతా గడియారం మీదికి పోయింది. ఒడ్డుకు ముప్పావుగంట దూరంలో ఉన్నవాడు ఇంకో పది విసుర్లు విసరాలా, బయల్దేరాలా అని తేల్చుకునే ఆ రెండు నిమిషాలే నాకు అన్నిటికన్నా ఇష్టం.

అందుకే 2004 లేక్ వైలీ క్లాసిక్ దొరికితే తప్పకుండా చూడండి. తకహిరో ఒమోరి జపాన్ నుంచి వచ్చి, టెక్సస్‌లో బండిలోనే పడుకుంటూ ఈ విద్య నేర్చుకున్నవాడు. ఆఖరి రోజు ఆఖరి నిమిషాల్లో పడ్డ చేపలతో గెలిచాడు. రిక్ క్లన్ సంగతి వేరు. 2019లో సెయింట్ జాన్స్ నది మీద ఎలీట్ పోటీ (బాస్‌మాస్టర్ వాళ్ళ పైస్థాయి పోటీ) గెలిచేనాటికి ఆయన వయసు 72. ఇంకే ఆటలో చూస్తాం ఇది?

మే నెల నుంచి పద్ధతి మార్చాను. మాటలు వినకుండా, చేతి కదలిక చూసి ఎర ఏమిటో ముందే రాసుకోవడం, తర్వాత సౌండ్ పెట్టి సరిచూసుకోవడం. ఇప్పటికి తేలినవి ఇవి. రెండుసార్లు గుంజి ఆగుతుంటే జెర్క్‌బైట్, అంటే కుదుపులకు చిన్న చేపలా కదిలే ఎర. ఆగకుండా రీలు తిప్పుతుంటే క్రాంక్‌బైట్ (లాగితే మునిగి ఊగే చేప బొమ్మ) గానీ స్పిన్నర్‌బైట్ (గిరగిర తిరిగే రేకుల ఎర) గానీ. వీటి మధ్య తేడా రాడ్ కొన చెబుతుంది: క్రాంక్‌బైట్ లాగుతుంటే కొన వణుకుతూనే ఉంటుంది. రాడ్‌ను పక్కకు నెమ్మదిగా ఈడుస్తూ, మిగిలిన దారాన్ని చుట్టుకుంటుంటే జిగ్ (బరువైన తల ఉన్న గాలం) అడుగున పాకుతున్నట్టు. నిలువుగా దించి ఉన్నచోటే వణికిస్తుంటే డ్రాప్‌షాట్, అంటే కింద గుండు, దానికి పైన గాలం ఉండే కట్టు. నాచు మీద టపటప కొట్టుకుంటూ వస్తే కప్ప. దీనికి మాత్రం నాకు ఏ శిక్షణా అక్కర్లేదు, మన చెరువుల్లో కొర్రమీను కోసం విసిరే రబ్బరు కప్పకు దగ్గరి చుట్టమే అది.

ఇక తెర మీది లీడర్‌బోర్డు. ఎలీట్ పోటీల్లో పగలంతా కనిపించే బరువులు అంచనాలే, అసలు తూకం సాయంత్రం. కొందరు కావాలనే తక్కువ చెబుతారు. ఎవరు ఎంత దాస్తారో పట్టుకోవడానికి నా బుక్కులో ఒక కాలమ్ ఉంది, పగటి అంచనా పక్కన సాయంత్రం తూకం. మేజర్ లీగ్ ఫిషింగ్ అనే ఇంకో సంస్థ పోటీల్లో ఈ దాగుడుమూతలు ఉండవు. పడవలో ఉన్న అధికారి అక్కడికక్కడే తూచి వదిలేస్తాడు, అంకె ఆ క్షణమే అందరికీ తెలుస్తుంది. నాకు మాత్రం దాచిపెట్టే ఆటే రుచి.

ఊరినుంచి వచ్చిన అమ్మ ఒకరోజు పక్కనే కూచుని చూసింది. "అంత చేపను పట్టి మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాడేంట్రా?" అంది. రే స్కాట్ ఈ పోటీలు మొదలుపెట్టిన కొన్నేళ్ళకే, 1972లో, చేపల్ని ప్రాణాలతో వదిలే పద్ధతి తెచ్చాడని చెప్పాను. ఆమెకేమీ నచ్చలేదు.

చూసింది ఎంతవరకు ఒంటబట్టిందో తేల్చుకోవడానికి అప్పుడప్పుడు చెరువు గట్టుకు కూడా పోతున్నాను. సామాను తక్కువే: ఏడడుగుల మీడియం హెవీ రాడ్, 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం, పావు ఔన్సు గుండు, 3/0 గాలానికి ప్లాస్టిక్ వానపాము, ఈ కట్టునే టెక్సస్ రిగ్ అంటారు. టెక్సస్‌లో పదిహేడేళ్ళు నిండితే మామూలుగా లైసెన్సు ఉండాలి. ఇక్కడి లేక్ ఫోర్క్ చెరువుకు వెళ్ళేవాళ్ళు మాత్రం అక్కడి ప్రత్యేక నియమం చదువుకుని వెళ్ళండి: 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఉంచుకోకూడదు.

ప్రస్తుతం తలనొప్పి ఫార్వర్డ్ ఫేసింగ్ సోనార్, అంటే పడవ ముందు నీళ్ళలో ఏముందో ధ్వని తరంగాలతో తెర మీద చూపే పరికరం. చేప ఎక్కడుందో తెర మీద కనిపిస్తుంటే ఆటగాడు నీళ్ళవైపు చూడటమే మానేస్తాడు, ప్రేక్షకుడికి అతని నెత్తి మీది టోపీ తప్ప ఏమీ మిగలదు. 2025లో మేజర్ లీగ్ వాళ్ళు తమ పైస్థాయి పోటీలైన బాస్ ప్రో టూర్‌లో దీన్ని రోజుకున్న మూడు పీరియడ్లలో ఒక్కదానికే పరిమితం చేశారు. ఆ పోటీల్లో సోనార్ ఉన్న పీరియడ్‌నూ లేనివాటినీ విడదీసి, ఎవరి గెలుపు దేనిమీద నిలబడిందో లెక్క వేస్తున్నాను. సగం పేజీలు నిండాయి.